మీ వెనక మాట్లాడే సారు

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే నేను అడిగేది ఒక్కటే: ఎక్కడుంటున్నాయి? మా గోపన్‌పల్లి చుట్టుపక్కల బతికున్నవాడికే కిరాయికి గది దొరకడం లేదు. పాత బొందలగడ్డను, అంటే శ్మశానాన్ని, ఆనుకొని అపార్ట్‌మెంట్లు లేచాయి. వాటి బాల్కనీల్లో జనం పొద్దున్నే ఆసనాలు వేస్తూ, మధ్యమధ్యలో కాఫీ తాగుతుంటారు. ఇంత రద్దీలో దయ్యానికి జాగా ఎవడిస్తాడు?

కాబట్టి నేను నమ్మేవాణ్ని కాదు. ఇప్పుడు నమ్ముతున్నానా అంటే, అది కూడా చెప్పలేను. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తాను. రాయడం నా పని కాదు. ఏడో తరగతిలో బడికీ నాకూ పొసగక ఇద్దరం మర్యాదగా విడిపోయాం. తప్పులు మా అమ్మాయి దిద్దింది. అబద్ధాలు దిద్దే అవసరం రాలేదు, ఎందుకంటే ఇందులో లేవు.

నా పని ఆఫీసులకు మొక్కలు కిరాయికి ఇవ్వడం. వినడానికి వింతగా ఉంటుంది గానీ కొండాపూర్, మాదాపూర్, గచ్చిబౌలి అద్దాల మేడల్లో మీరు చూసే మొక్కల్లో చాలావరకు అక్కడ పుట్టినవీ కావు, అక్కడ చచ్చేవీ కావు. కొన్నాళ్లు ఏసీలో డ్యూటీ చేస్తాయి. ఆకులు పాలిపోగానే మా నర్సరీకి వచ్చి ఎండలో, గాలిలో ఒళ్లు చేసుకుంటాయి. వాటి బదులు వేరేవి వెళ్తాయి. మా అన్న, మల్లేశన్న, దాన్ని సిక్ లీవ్ అనేవాడు. మనుషులకన్నా మొక్కలకే సులువుగా సెలవు దొరుకుతున్న ఆఫీసులు నేను చూశాను.

ఈ ఆలోచన మల్లేశన్నదే. హైటెక్ సిటీలో అద్దాల మేడలు లేస్తున్న కొత్తలో మేమిద్దరం రోడ్డు పక్కన నిలబడి నోరు తెరుచుకొని చూసేవాళ్లం. అంతకు కొన్నేళ్ల ముందు దాకా ఆ గుట్టల్లో మేము మేకలు కాసినవాళ్లమే. సీతాఫలాల కాలం వస్తే పొద్దుగూకే దాకా ఇంటికి వచ్చేవాళ్లం కాదు. ఒక మధ్యాహ్నం అన్న ఆ మేడను కింది నుంచి పైదాకా చూసి, "అంత అద్దమే పెట్టిండ్రు. పచ్చటిది ఒక్కటి లేదు. వీళ్లకు కండ్లు మండవారా?" అన్నాడు. నేను నవ్వాను. అతను నవ్వలేదు. మరుసటి వారమే రెండు కుండీలు పట్టుకొని లోపలికి పోదామని చూస్తే వాచ్‌మన్ ఆపేశాడు. కుండీలు వాచ్‌మన్ గదిలోనే పెట్టి వచ్చాడు. వారం తిరగకుండా లోపలి సార్లు ఆ వాచ్‌మన్‌నే అడిగారట, ఇవి ఎక్కడ దొరుకుతాయి అని.

అలా మొదలైంది. ట్రాలీ ఆటోకు స్తోమత లేని రోజుల్లో బండి నేను నడిపేవాణ్ని. అన్న వెనక కూర్చుని ఒళ్లో ఒక కుండీ, రెండు చేతుల్లో రెండు కుండీలు పట్టుకొనేవాడు. ముందు నుంచి చూస్తే నా తలకు ఆకులు మొలిచినట్టు ఉండేది. దారి చెప్పడం ఆయన పని. ఎందుకంటే నాకొక జబ్బుంది: కుడి ఎడమలు తెలియవు. చెయ్యి సరిగ్గా కుడికే చూపిస్తాను, నోరు మాత్రం ఎడమ అంటుంది. అన్నకు ఓపిక ఎక్కువ. చేతులు ఖాళీ లేవు కాబట్టి గడ్డంతో నా భుజం మీద పొడిచి, ఏ భుజం మీద పొడిస్తే అటు తిరగమనేవాడు. ఆ గడ్డం గుర్తు నాకు ఇప్పటికీ భుజాల మీద ఉంది.

కొన్నేళ్ల కిందట ఒక పొద్దున ఛాతీలో నొప్పి అన్నాడు. దవాఖానకు తీసుకుపోయాం. మా అనసూయ వదిన తాగడానికి నీళ్లు తేవడానికి పోయింది. సీసా నింపుకొని వచ్చేసరికి ఆయన్ను లోపలికి తీసుకుపోయారు. మళ్లీ మాట్లాడలేదు. వదినకు ఆ బాధ అలాగే ఉండిపోయింది. మనిషి పోయిన బాధ ఒక ఎత్తు, ఒక్క మాట చెప్పకుండా పోయాడన్నది ఇంకో ఎత్తు. "గా నీళ్లకు నేనెందుకు పోతి?" అని ఎన్నిసార్లు అన్నదో. అప్పటి నుంచి ఆమె నర్సరీ గేటు దాటలేదు. మా ఇల్లు, వాళ్ల ఇల్లు పక్కపక్కనే. వాళ్లకు పిల్లలు లేరు, మా పిల్లలే వాళ్ల పిల్లలు. అన్నీ మామూలుగానే ఉండేవి, నర్సరీ మాట ఎత్తితే మాత్రం లేచి వంటింట్లోకి పోయేది.

అన్న పోయాక పని నా ఒక్కడి మీద పడింది. ఫోన్లు, మెసేజ్‌లు, ఏ ఆఫీసుకు ఏ మొక్క, ఎప్పుడు మార్చాలి, దారి ఎటు. నేను టైప్ చేసిన తెలుగు చూసి మా ఆవిడ పద్మ, "ఇది ఏ దేశం భాష?" అని అడిగేది. అన్నం తింటూ కూడా ఫోన్ మాట్లాడుతుంటే ఒకరోజు కంచం లాక్కుని, "ఇగ గా ఫోన్‌నే పెండ్లి చేసుకో, నేను పుట్టింటికి పోత" అంది.

కొండాపూర్‌లో మా మొక్కలు పెట్టుకునే ఒక ఆఫీసు మేడమ్ ఈ కష్టం విని, ఇంటి దగ్గర కూర్చుని దూరం నుంచే ఇలాంటి పనులు చూసిపెట్టే వాళ్లుంటారని చెప్పింది.

"ఇంట్ల కూసుండి మొక్కలకు నీళ్లెట్ల పోస్తరు మేడమ్?"

"నీళ్లు మీరే పోసుకోండి నర్సింహ గారూ. ఆమె మీ తలనొప్పి చూసుకుంటుంది."

అలా వచ్చింది లలిత గారు. వచ్చింది అంటే రాలేదు. ఆమెది సామర్లకోట. హైదరాబాద్‌కు ఒక్కసారి కూడా రాలేదట. ఫోన్‌లో మాట నెమ్మది, ప్రతి మాట చివరా అండి. మొదటిరోజు నేను "జర ఫికర్ చేయకుండ్రి, పని అలకగ ఉంటది" అంటే, ఆమె, "అలక ఎవరికండీ?" అంది. మా వైపు అలకగ అంటే సులువుగా అని.

ఇద్దరం ఒక పద్ధతి పెట్టుకున్నాం. బండి మీద పోతున్నప్పుడు నాకు తోచినవన్నీ వాయిస్ మెసేజ్‌లుగా పంపిస్తాను. హెల్మెట్ లోపల చెవికి తీగ ఉంటుంది. ట్రాఫిక్ పోలీసులు ఎవరైనా చదువుతుంటే, బండి పక్కకు ఆపే మాట్లాడేవాణ్నని మనవి. లలిత గారు అవన్నీ చెవుల్లో హెడ్‌ఫోన్ పెట్టుకొని విని, కస్టమర్లకు జవాబులు రాసి, మా ట్రాలీ ఆటో నడిపే ఖలీల్ భాయ్‌కి ఆ రోజు దారంతా పంపేది. ఖలీల్ భాయ్‌ది లింగంపల్లి. ఈ రోడ్లు పడకముందు నుంచీ ఇక్కడ బండి తోలుతున్నవాడు.

పని గాడిలో పడింది. మామూలుగా కాదు, అన్న ఉన్నప్పటిలా పడింది. చెప్పిన మొక్క చెప్పిన చోటికి పోయేది. ఖలీల్ భాయ్ దారి తప్పిందే లేదు. నేను ఛాతీ విరుచుకొని పద్మతో, "చూసినవా? మేనేజ్‌మెంట్ అంటే గిట్లుంటది" అన్నాను. పద్మ నన్ను పైనుంచి కిందికి చూసి, "గామె మేనేజ్‌మెంట్. నువ్వు ఉత్త గొంతువి" అంది.

అప్పుడొక రోజు గచ్చిబౌలి ఆఫీసులో మొక్కలు మారుస్తుంటే అక్కడి సారు పలకరించాడు.

"పటేల్ గారూ, మీరు గుజరాతీ అయ్యుండి తెలుగు ఎంత బాగా మాట్లాడతారండీ!"

నేను వెనక్కి తిరిగి చూశాను, ఇంకెవరినైనా అంటున్నాడేమో అని. నన్నే. మీ మెసేజ్‌ల కింద అలాగే ఉంటుంది కదా అని ఫోన్ తీసి చూపించాడు. మా నర్సరీ తరఫున వచ్చిన మెసేజ్ చివర, "ఇట్లు, పటేల్".

నవ్వు రావాల్సింది. రాలేదు. చేతిలో ఉన్న కుండీ కింద పెట్టేశాను.

పటేలా అని నన్ను పిలిచినవాడు ప్రపంచంలో ఒక్కడే. మేకలు కాసే రోజుల్లో నేను పెద్ద బండరాతి గుండు ఎక్కి కూర్చుని, "అన్నా, గా మేకను మళ్లించు, గీ మేకను మళ్లించు" అని హుకుంలు వేసేవాణ్ని. పని ఆయనది, పెత్తనం నాది. అందుకని మల్లేశన్న, ఊరి పెద్దను పిలిచినట్టు, "సరే పటేలా" అనేవాడు. అది మా ఇద్దరి మధ్య మాట. నలుగురిలో ఎప్పుడూ నర్సింహా అనే పిలిచాడు. పద్మకు తెలియదు. వదినకు తెలియదు. గుండ్లకు తెలుసు గానీ, వాటిని పేల్చి రోడ్లు వేశారు.

బయటికి వచ్చి లలిత గారికి ఫోన్ చేశాను. ఇది ఎవరు చెప్పారని అడిగాను.

"మీ ఇంటిపేరు కాదాండీ? మీ వెనక మాట్లాడే సారు మిమ్మల్ని అలాగే పిలుస్తారు కదా అని రాశానండీ. తప్పైతే మార్చేస్తాను."

"నా వెనక ఎవరు మాట్లాడతరు?"

"అదేనండీ, బండి మీద మీ వెనక కూర్చునే పెద్దాయన. మీ పార్ట్‌నర్ గారు అనుకున్నాను. మీరు ఎడమ అంటారు, ఆయన కుడి అంటారు. నేను ఆయన చెప్పిందే పంపుతానండీ. ఎప్పుడూ తప్పు కాలేదు."

ఆమెకు మల్లేశన్న సంగతి నేనెప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సిన పని రాలేదు. చుట్టూ హారన్లు, ఎదురుగా ఫ్లైఓవర్, మిట్టమధ్యాహ్నం ఎండ. భయం వేయలేదు. భుజం మీద దురద పెట్టినట్టయింది, అంతే.

సాయంత్రం ఖలీల్ భాయ్‌ని పట్టుకున్నాను. లలిత గారు పంపే దారిలో ఏమన్నా తేడా కనిపించిందా అని.

"తేడా ఏముంటది భాయ్? మంచిగ చెప్తది మేడమ్. తాటివనం మలుపు, జంట గుండ్ల కాడ కుడికి, పాత కంకర మిషన్ ఎన్కకు. గివన్ని నాకు ఎరికే కదా."

"గవన్ని ఇప్పుడు యాడున్నయి?"

"లేవు. గయితేంది? జాగాలు గవే కదా. నువ్వే చెప్పినవ్ అనుకున్న." ఆటో అద్దం తుడుస్తూ ఆగాడు. "కాదులే. నువ్వెప్పుడన్న రస్తా సీదా చెప్పినవా?"

తాటివనం మలుపు అని నేను కూడా అనడం మానేసి చాలా ఏళ్లయింది. సామర్లకోటలో కూర్చున్న అమ్మాయికి ఆ పేరు తెలిసే దారి లేదు.

నేను పంపిన మెసేజ్‌లన్నీ మళ్లీ విన్నాను. గాలి, హారన్లు, నా గొంతు. నా గొంతు ఇంత గరుకుగా ఉంటుందని అప్పుడే తెలిసింది. ఇన్నేళ్లుగా భరిస్తున్న పద్మకు మనసులోనే దండం పెట్టుకున్నాను. ఇంకో గొంతు మాత్రం లేదు. పద్మ విన్నది, ఆమెకూ వినపడలేదు.

మా మొక్కలు పెట్టుకునే ఇంకో ఆఫీసులో కిరణ్ అని ఒక కుర్ర ఇంజనీరు ఉన్నాడు. భీమవరం వైపు వాడు, శబ్దాలను శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ మీదే వాడి పని. విషయం పూర్తిగా చెప్పకుండా, వెనక ఇంకో మనిషి ఉన్నాడేమో చూడమన్నాను. వాడు తన మిషన్‌లో పెట్టి, గాలి తీసేసి, హారన్లు తీసేసి, నన్ను కూడా తీసేసి చూశాడు.

"ఎవరూ లేరండీ. బండి ఇంజన్ ఒక్కటే మిగిలింది. దానికి ఆయిల్ మార్పించండి."

లలిత గారిని ఫోన్‌లో కలిపాం. అదే మెసేజ్ ఆమె అక్కడ పెట్టుకుని వింటూ, గొంతు ఎక్కడెక్కడ వస్తుందో చెబుతుంటే కిరణ్ ఇక్కడ గుర్తులు పెట్టుకున్నాడు. ఆమె దబాయించలేదు, నాటకం ఆడలేదు. "ఇక్కడ దగ్గారండీ. ఇక్కడ 'అటు కాదు పటేలా' అన్నారు" అని కూరగాయల పేర్లు చెప్పినంత మామూలుగా చెప్పింది.

కిరణ్ ఆ గుర్తులు పెట్టిన చోట్లన్నీ ఒక్కొక్కటే మళ్లీ విన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఆవిడ చెప్పిన ప్రతిచోటా మీరు మాట్లాడటం ఆపారండీ. మాట మధ్యలో ఆగి, కాసేపుండి మళ్లీ మొదలుపెట్టారు. ఎవరో మాట్లాడుతుంటే ఆగినట్టు. ఎందుకు ఆగారు?"

నేను ఆగానని నాకు తెలియదు. అయితే విన్నప్పుడు మాత్రం నిజమే. వాక్యం సగంలో ఆపేస్తున్నాను. కాసేపు గాలి. మళ్లీ నేను. అన్న వెనక కూర్చున్న రోజుల్లో మా మాటలు అచ్చం అలాగే సాగేవి. ఆయన మాట్లాడితే నేను ఆగేవాణ్ని. ఇంకెవరు మాట్లాడినా ఆగింది లేదు. కావాలంటే పద్మను అడగండి.

అసలు సంకటం అప్పుడు మొదలైంది. వదినకు చెప్పాలా వద్దా?

పద్మ వద్దంది. "ఆమె అడుగుతది. నాకొక మాట చెప్పమను అంటది. గప్పుడు ఏం వినపడకపోతే? ఒకసారి చెప్పకుండ పోయిండు. రెండోసారి గూడ పోతే ఆమె తట్టుకుంటదా?" నాకూ అదే భయం. దయ్యం వస్తుందని కాదు, రాదేమోనని. అటువంటి భయం ఒకటుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

చెప్పొద్దని ఇద్దరం ఒట్టు పెట్టుకున్నాం. మర్నాడు పొద్దున పప్పు రుబ్బుతూ పద్మే చెప్పేసింది. మా ఆవిడ కడుపులో మాట దాగదు. ఆ సంగతి తెలిసి కూడా ఒట్టు పెట్టుకున్న నాది తప్పు.

నేను నర్సరీలో కుండీలకు ఎరువు వేస్తున్నాను. గేటు చప్పుడైంది. తలెత్తితే వదిన. అన్న పోయాక ఆ గేటు లోపల కాలు పెట్టడం అదే మొదటిసారి. అటూ ఇటూ చూడలేదు. నేరుగా నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"నీతోని మాట్లాడుతుండట కదరా. రోజూ దారి చెప్తుండట."

"వదినా, గది నిజమో కాదో..."

"నాకు దారి అక్కర్లేదు. ఒక్క మాట. ఏదన్న సరే. అడుగు."

నేను ఏం జోక్ వేయాలా అని వెతుక్కున్నాను. నా జీవితంలో మొదటిసారి దొరకలేదు.

ముందు అక్కడే, షెడ్డులో కూర్చుని మెసేజ్ పంపాం. వదిన పక్కన స్టూలు మీద కొంగు ఒళ్లో పెట్టుకొని కదలకుండా కూర్చుంది. నేను రేపటి పనులు చెప్పాను. లలిత గారి దగ్గర నుంచి జవాబు వచ్చింది: పెద్దాయన ఇవాళ లేరండీ, మీరొక్కరే ఉన్నారు.

వదిన ముఖం చూడలేకపోయాను. లలిత గారికి ఫోన్ చేస్తే ఆమె చెప్పింది, బండి మీద పంపినవాటిలోనే ఆయన ఉంటారని, ఇంటి నుంచి, నర్సరీ నుంచి పంపినవాటిలో ఎప్పుడూ లేరని. ఎందుకు అడుగుతున్నానో ఆమెకు చెప్పలేదు. పక్కన ఎవరున్నారో కూడా చెప్పలేదు. ఇది మాత్రం గట్టిగా చెప్పగలను, ఎందుకంటే కావాలనే చెప్పలేదు. తెలిస్తే పాపం జాలిపడి మంచిమాట ఏదైనా కల్పించి చెబుతుందేమోనని.

వదిన లేచి నిలబడింది. "బండి తియ్."

గోపన్‌పల్లి నుంచి నల్లగండ్ల మీదుగా బయలుదేరాం. సాయంత్రం అయిదు కూడా కాలేదు, ఎండ ఇంకా ఉంది. వదిన వెనక ఒక పక్కకు కూర్చుంది. మెసేజ్ మొదలుపెట్టాను. ఏం చెప్పాలి? అన్నా, వదినతో మాట్లాడు అనడానికి నోరు రాలేదు, సిగ్గేసింది. రోజూ చెప్పేవే చెప్పాను. కొండాపూర్‌కు పామ్ మొక్కలు, మాదాపూర్‌లో రెండో అంతస్తుకు మనీ ప్లాంట్లు, ఫ్లైఓవర్ దిగాక ఎడమకో కుడికో. మాటలు అయిపోయినా కాసేపు మెసేజ్ ఆపకుండా అలాగే నడిపాను. వదిన వెనక ఏమీ అనలేదు. ఏడుస్తుందేమో అనుకున్నాను. అద్దంలో చూస్తే ఏడవడం లేదు. చెవులు రిక్కించి, పరీక్ష హాల్లో పిల్లలా కూర్చుంది.

లింగంపల్లి దగ్గర ఒక చాయ్ బండి పక్కన ఆపి, మెసేజ్ పంపించాను. రెండు చాయ్‌లు చెప్పాను. ఇద్దరం తాగలేదు. ఎంఎంటీఎస్ రైలు దిగిన జనం గుంపులుగా మమ్మల్ని దాటుకుపోతున్నారు.

లలిత గారు మామూలుగా టైప్ చేసి పంపుతుంది. ఆ రోజు మాత్రం వాయిస్ పంపింది. స్పీకర్ పెట్టాను.

"సార్, కొండాపూర్, మాదాపూర్ రెండూ ఖలీల్ గారికి పంపేశానండీ. పెద్దాయన ఇవాళ దారేమీ చెప్పలేదండీ. మీతో అసలు మాట్లాడలేదు. కానీ చివర్లో, మీరు ఊరుకున్నాక, శంకర్‌పల్లి అన్నారు. 'ఓ శంకర్‌పల్లామె, కొంగు దోపుకో, చక్రంల పడ్తది' అన్నారు. నాకు యాస సరిగా రాదు, ఏమనుకోకండి. శంకర్‌పల్లిలో మనకు కస్టమర్ ఎవరూ లేరు కదండీ? ఈ ఆవిడ కొత్తగా చేరారా? అడ్రస్ పంపితే రూట్‌లో కలుపుతాను."

వదిన పుట్టిల్లు శంకర్‌పల్లి. మా వైపు కోడలిని ఆమె ఊరి పేరు పెట్టి పిలవడం మామూలే. అయితే అలా పిలిచే అత్తలు, అమ్మలక్కలు ఎప్పుడో పోయారు. ఇప్పుడు అందరికీ ఆమె అనసూయ. నాకు వదిన. పెళ్లయిన కొత్తలో పేరు పెట్టి పిలవడానికి సిగ్గుపడి అన్న కూడా ఆ పిలుపే పట్టుకున్నాడని, పోయేదాకా వదల్లేదని వదిన తర్వాత చెప్పింది. మా ముందు మాత్రం ఏమే అనేవాడు.

ఆ క్షణంలో ఆమె వంగి తన చీర చూసుకుంది. నేనూ చూశాను. కొంగు చివర జానెడు మేర బండి చైన్ నూనె నల్లగా అంటుకొని ఉంది. ఇంకో రెండు సందులు తిరిగి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఆలోచించదలచుకోలేదు.

వదిన ఆ కొంగును గుండ్రంగా చుట్టి నడుముకు దోపుకుంది. తర్వాత నవ్వింది. నవ్వుతుంటే కళ్ల నుంచి నీళ్లు కారాయి, వాటిని తుడుచుకోలేదు.

"గింతే. బతికినన్ని రోజులు గదొక్కటే. పెండ్లికి పోతే గదే, దవాఖానకు పోతే గదే. బండెక్కితే సాలు, కొంగు దోపుకో. ప్రేమగ ఒక్క మాట చెప్పరాదా అంటే, గిది ప్రేమ కాదానే అంటుండె." చల్లారిన చాయ్ తీసుకొని ఒక్క గుక్కలో తాగేసింది. "పోయినంక గూడ గదేనాయె."

"ఇంకేమన్న అన్నడా అడగాల్నా వదినా?"

"వద్దురా. సాలు."

లలిత గారికి ఫోన్ చేసి, శంకర్‌పల్లి ఆవిడకు డెలివరీ అయిపోయింది, రూట్‌లో కలపక్కర్లేదని చెప్పాను. సరేనండీ అంది.

ఆ తర్వాత ఆమెకు ఆ గొంతు మళ్లీ వినిపించలేదు. ఇవాళ కూడా లేరండీ అని కొన్నాళ్లు ఆమే చెప్పేది, పెద్దాయనకు ఒంట్లో బాగోలేదా అని కంగారుపడేది. చివరికి విషయం చెప్పాను. ఆయన పేరేంటని అడిగింది. తర్వాత, "చాలా మర్యాదగా మాట్లాడేవారండీ" అంది. పని మానేస్తుందేమో అనుకున్నాను. మానలేదు. దారి మాత్రం ఇప్పుడు మ్యాప్ చూసి పంపుతుంది. మా మొక్కలు మళ్లీ మామూలుగానే అప్పుడప్పుడు పక్క ఆఫీసుకు పోతున్నాయి.

వదిన రోజూ నర్సరీకి వస్తోంది. మట్టి కలుపుతుంది, మేము మొక్కలకు నీళ్లు ఎక్కువ పోస్తున్నామని తిడుతుంది. సిక్ లీవ్ మీద వచ్చినవాటిని విడిగా నీడలో పెట్టి, వాటితో ఏదో గొణుగుతుంది. మధ్యాహ్నం పూట లలిత గారితో ఫోన్‌లో కూర్చుంటుంది. ఆ గొంతు ఎలా ఉండేదని మొదలుపెట్టి, గోంగూర పచ్చడి దగ్గర తేలతారు.

జరిగింది ఇది. కిరణ్ ఏదో ఒక కారణం ఉండే ఉంటుంది అంటాడు. ఉంటే ఉండనీ, దొరికితే చెప్పమన్నాను. వాడింకా చెప్పలేదు. సామర్లకోట అమ్మాయికి శంకర్‌పల్లి మాట ఎలా తెలిసిందో, నేను సగం మాటల్లో ఎందుకు ఆగానో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఇంకొక్కటి. శనివారాలు వదినను కూరగాయలకు బండి మీద తీసుకుపోతాను. ఎక్కిన ప్రతిసారీ సీటు చివరికంటా జరిగి కూర్చుంటుంది. మా ఇద్దరి మధ్య ఒక మనిషి పట్టేంత జాగా ఖాళీగా ఉంటుంది. "వదినా, పడ్తవ్, జర ముందుకు జరుగు" అంటాను. జరగదు. నేనూ ఇప్పుడు ఎక్కువ అనడం లేదు. బండి మాత్రం నెమ్మదిగా నడుపుతున్నాను.